నిమిషాల లెక్క సరే, నుడి లెక్క ఏది?

ఒక పెద్ద ప్రమాదం జరిగి నాలుగు రోజులు గడిచాక అధికారులు ఒక గదిలో కూర్చుని సమీక్ష జరుపుతారు. కబురు ఎన్ని గంటలకు అందింది, అంబులెన్సు ఎన్ని నిమిషాలకు చేరింది, అగ్నిమాపక శకటాలు ఎన్ని వెళ్ళాయి, ఆసుపత్రిలో ఎన్ని పడకలు ఖాళీ చేయించారు, ఎందరిని బెంగళూరుకు తరలించారు అనే లెక్కలన్నీ తేలుస్తారు. మంచిదే. ఆ లెక్కలు తేలకపోతే రేపటి ప్రమాదానికి ఎవరూ సిద్ధం కాలేరు. అయితే న్యాయవాదిగా నా కంటబడిన ఇటువంటి పత్రాలలో ఒక గడి మాత్రం ఎన్నడూ కనబడలేదు. ఆపదలో ఉన్నవారు ఏ భాషలో మొరపెట్టుకున్నారు? విన్నవారికి అది అర్థమైందా? కాకపోతే అర్థం కావడానికి ఎంతసేపు పట్టింది? ఈ గడి లేని పట్టికతో కోలారు జిల్లాలో అత్యవసర సేవల పనితీరును కొలవడమంటే, బావిలోకి తాడు వదిలి లోతు కొలిచి, నీళ్ళున్నాయో లేవో చూడకుండా ఇంటికి వచ్చినట్టే.

ఈ మాట చెప్పడానికి సుగటూరు తగిన చోటు. విజయనగర కాలంలో సుగటూరు పాలెగాళ్ళు కోలారు, హొసకోట సీమలను ఏలారు. నాడు చుట్టుపక్కల ఊళ్ళకు ఆపద వస్తే పరుగెత్తుకు వచ్చేది ఇక్కడికే. నేడది కోలారు తాలూకాలో ఒక పల్లె. ఈ జిల్లాలో మల్బరీ తోటలు, టమోటా మళ్ళు, పాడిపశువులు ఎంత సహజమో, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ అంత సహజం. జనగణనలో మాతృభాష తెలుగని రాయించుకున్నవారే జిల్లాలో అన్ని భాషలవారికన్నా ఎక్కువ. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయిన తరువాత కూడా ఈ మాట మారలేదు. పైగా మన ఇళ్ళకు కోడళ్ళు పుంగనూరు నుంచి, మదనపల్లె నుంచి, పలమనేరు నుంచి వస్తారు. వారు కన్నడ బడి గడప తొక్కినవారు కారు. మగవాళ్ళు తోటకో సంతకో పోయిన వేళ ఇంట్లో ఆపద వస్తే ఫోను అందుకోవలసింది ఆ కోడళ్ళూ, ముసలివాళ్ళూ. రాష్ట్రం లెక్కల్లో వారు అల్పసంఖ్యాకులు కావచ్చు. ఆ గడియలో ఆ ఇంటికి దిక్కు వారే.

కొంతకాలం కిందటి వరకు ఈ చిక్కు ఇంత పెద్దది కాదు. ఏదైనా జరిగితే మనిషిని పరుగెత్తించేవారు, లేదా దగ్గరి పోలీసు ఠాణాకు ఫోను చేసేవారు. ఠాణాలో ఉన్న కానిస్టేబులు ముళబాగిలు వాడో శ్రీనివాసపురం వాడో అయివుండేవాడు. ఉద్యోగం కన్నడంలో చేసినా మాట తెలుగులో వినేవాడు. ఏ ఊరు, ఏ గుట్ట పక్క, ఎవరి తోట అంటే చాలు, దారి అతనికి తెలుసు. తరువాత మార్పు వచ్చింది. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2008 నవంబరు 1న కర్ణాటకలో ఆరోగ్య కవచ పేరుతో అదే అంకె వచ్చింది. ఆ తరువాత పోలీసు, అగ్నిమాపకం, వైద్యం అన్నిటికీ కలిపి దేశమంతటా 112 వచ్చింది. నేను వీటికి వ్యతిరేకిని కాను. పల్లె ఇంటి ముంగిటికి పైసా లేకుండా అంబులెన్సు రావడం ఎంత మేలో, ఎద్దుల బండి మీద ఆసుపత్రికి బయలుదేరి దారిలోనే పోయినవారి కుటుంబాలను అడిగితే చెబుతారు. కానీ ఈ ఏర్పాటులో ఒక మార్పు ఎవరూ చర్చించకుండానే జరిగిపోయింది. వినే చెవి ఠాణా నుంచి రాజధానికి తరలిపోయింది. సుగటూరులో పలికిన మాట మొదట బెంగళూరులో ఒక బల్ల ముందు కూర్చున్న మనిషికి అర్థం కావాలి. ఆ తరువాతనే అది మళ్ళీ కోలారుకు దిగివస్తుంది. ఆ బల్ల దగ్గర తెలుగు వచ్చినవారు ఉంటే మన అదృష్టం. అదృష్టాన్ని ఏర్పాటు అనరు.

2022 సెప్టెంబరులో కర్ణాటక 108 కేంద్రం సాంకేతిక లోపంతో స్తంభించినప్పుడు పత్రికలు రాశాయి, ప్రజలు నిలదీశారు, ప్రభుత్వం సంజాయిషీ చెప్పుకుంది. యంత్రం చెడిపోయింది కాబట్టి అది వార్త అయింది. మాట అర్థంకాక నాలుగు నిమిషాలు వృథా అయితే అది ఏ పుస్తకంలోకీ ఎక్కదు. పిలుపు అందిన సమయం రాసి ఉంటుంది, బండి బయలుదేరిన సమయం రాసి ఉంటుంది, నడుమ ఏమి జరిగిందో ఎవరూ అడగరు.

సరిహద్దు పల్లెల్లో చిక్కు రెండింతలు. ఫోను ఏ టవరును పట్టుకుంటే పిలుపు ఆ రాష్ట్రానికి పోతుంది. నంగలి దగ్గర, రాయల్పాడు దగ్గర, బేతమంగళం దాటిన తరువాత, మనం నిలబడిన నేల ఒక రాష్ట్రం, ఫోను పలికే రాష్ట్రం మరొకటి కావచ్చు. అటు కుప్పం వారికి, వెంకటగిరికోట వారికి ఇదే కథ తిరగబడి ఎదురవుతుంది. ఇప్పుడు బెంగళూరు నుంచి చెన్నైకి సుమారు 260 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ రహదారి వస్తున్నది. అది మాలూరు, బంగారుపేట, బేతమంగళం మీదుగా చిత్తూరు జిల్లాలోకి దిగి, అక్కడి నుంచి తమిళనాడులోకి పోతుంది. కర్ణాటకలోని సుమారు 70 కిలోమీటర్ల భాగం మీద 2024 డిసెంబరు నుంచే బండ్లు తిరుగుతున్నాయి. ఒకే దారి, మూడు రాష్ట్రాలు, మూడు అగ్నిమాపక శాఖలు, మూడు 112 కేంద్రాలు. గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు బోల్తాపడితే అందులో ఉన్నవారికి తాము ఏ రాష్ట్రంలో ఉన్నామో కూడా తెలియదు. 2023 అక్టోబరు 26న తెల్లవారుజామున చిక్కబళ్లాపురం దగ్గర పొగమంచులో ఒక వాహనం ఆగివున్న ట్యాంకరును గుద్దుకుని 10 మందికి పైగా చనిపోయినప్పుడు, మృతుల్లో చాలామంది ఆంధ్ర పల్లెల నుంచి కూలికి బెంగళూరు పోతున్నవారు. రహదారి మీద జరిగే ప్రతి పెద్ద ప్రమాదమూ ఇక్కడ రెండు భాషల ప్రమాదమే. పథకం మాత్రం ఒక భాషలోనే ఉంటుంది.

భాష అంటే ఏదో పద్యాలకు, సభలకు సంబంధించిన సంగతి అనుకునేవారికి రెండు చిన్న మాటలు చూపిస్తాను. మొదటిది “మందు”. మన ఇళ్ళలో జ్వరానికి వేసుకునేది మందు. సారా దుకాణంలో దొరికేది మందు. పైరుకు కొట్టేదీ మందే. “మందు తాగినాడు” అని ఒక తల్లి ఏడుస్తూ చెబితే ఆ గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి మనకు వెంటనే తెలిసిపోతుంది. కన్నడంలో “మద్దు” అంటే ఔషధమూ అవుతుంది, తుపాకిమందూ అవుతుంది. తెలుగు కొద్దిగా మాత్రమే తెలిసినవారు ఈ మాటను దేనిగా తీసుకోవాలి? అది తాగుబోతు గొడవా, ఆత్మహత్యా ప్రయత్నమా, ఎక్కువ మాత్రలు మింగిన కేసా అన్నదాన్ని బట్టి పంపవలసిన బండి మారుతుంది, తీసుకుపోవలసిన ఆసుపత్రి మారుతుంది, దారిలో చేయవలసిన చికిత్స మారుతుంది.

రెండవది “పురుగు”. రాత్రిపూట పాము పేరెత్తకూడదని మన పెద్దలు నేర్పారు. అందుకే “పురుగు ముట్టింది” అంటాం. కన్నడ పల్లెల్లోనూ ఇదే ఆచారం, వారు “హుళ” అంటారు. రెండు భాషలకూ మర్యాద ఒకటే, మాట వేరు. కొన్నేళ్ళ కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం కథ ఈ ఒక్క మాట మీదనే నడిచింది. పట్టుపురుగుల ఇంట్లో రాత్రి ఆకు వేస్తున్న రైతును పాము కరిచింది. భార్య పుంగనూరు వైపు ఆడపడుచు, కన్నడం రాదు. ఆమె ఫోనులోనూ, ఆసుపత్రిలోనూ ఒకటే మాట చెప్పింది: “పురుగులింట్లో పురుగు ముట్టింది.” పట్టుపురుగులు పెంచే జిల్లాలో ఆ వాక్యం విన్నవారు ఏమనుకుంటారు? ఆసుపత్రి కాగితం మీద పడింది “కీటకపు కాటు” అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. వాపు మోకాలు దాటిన తరువాత గాని పాము విషానికి చికిత్స మొదలుకాలేదు. తెల్లవారేసరికి మనిషి పోయాడు. ఆ తరువాత పరిహారం కోసం ఆమె దరఖాస్తు పెట్టుకుంటే, శవపరీక్ష నివేదికలో కోరల గాట్లని ఉంది, ఆసుపత్రి కాగితంలో కీటకమని ఉంది, రెండూ పొసగడం లేదన్నారు. ఫైలు ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి పోతూ పదునెనిమిది నెలలు తిరిగింది. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. ఫోను ఎత్తినవారు తమ పని చేశారు, కాగితం రాసిన కుర్ర డాక్టరు విన్నది రాశాడు. అంబులెన్సు సమయానికి వచ్చిందనే రికార్డులో ఉంది. నిమిషాల లెక్క ప్రకారం చూస్తే ఆ రాత్రి సేవ విజయవంతం!

ఇది ఒక ఇంటి సంగతి. వందల ఇళ్ళ సంగతి అయితే ఎలా ఉంటుందో 2008 మే నెలలో చూశాము. బెంగళూరు, కోలారు ప్రాంతాలలోను, పక్కనే ఉన్న తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోను కల్తీసారా తాగి 150 మందికి పైగా చనిపోయారు. మిథనాల్ విషం పనిచేసే తీరు ఇక్కడ గమనించాలి. తాగిన వెంటనే మామూలు మత్తులాగానే ఉంటుంది. కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి మరుసటి రోజున, శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారినప్పుడు కడుపులో దేవడం, ఆయాసం, కళ్ళు మసకబారడం మొదలవుతాయి. ఆ గంటల వ్యవధిలో మనిషిని గుర్తించి ఆసుపత్రికి చేరిస్తే విరుగుడు ఉంది, రక్తశుద్ధి ఉంది, చూపు, ప్రాణం రెండూ దక్కే అవకాశం ఉంది. అంటే ఇలాంటి ఉపద్రవంలో అత్యవసర సేవ చేయవలసిన మొదటి పని బండి పంపడం కాదు, చెప్పడం. “నిన్న ఫలానా చోట తాగినవారు బాగానే ఉన్నామనుకోవద్దు, కళ్ళు మసకలు కమ్మితే క్షణం ఆగవద్దు” అని ప్రతి పేటలో టముకు వేయించాలి. కోలారు పేటల్లో ఆ మాట తెలుగులోను, కన్నడంలోను వినబడాలి. కృష్ణగిరి, హొసూరు వైపు తెలుగులోను, తమిళంలోను వినబడాలి. ఆ మరణాల మీద సారా ఎక్కడ కాచారు, ఎవరు అమ్మారు, ఏ అధికారిని సస్పెండు చేశారు అన్న చర్చ పత్రికల నిండా జరిగింది. హెచ్చరిక ఏ పేటకు ఏ నుడిలో అందిందన్న చర్చ ఎక్కడా వినబడలేదు.

మన జిల్లాకు ఇంతకన్నా మంచి పాఠం ఒకప్పుడు ఉండేది. బంగారు గనులు. చాంపియన్ రీఫ్ గని భూమిలోకి 3 కిలోమీటర్లకు పైగా దిగింది. ఆ లోతులో రాతి ఒత్తిడి పెరిగి గోడలు పేలినట్టు విరిగిపడేవి. పైన ఇళ్ళలో పాత్రలు కదిలేవి. లోపల పనిచేసినవారు తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, పైన అజమాయిషీ ఇంగ్లీషులో. ఇన్ని నాలుకల నడుమ, మనుషులను దించే తొట్టికి సంకేతం గంటల లెక్కతో ఇచ్చేవారు. ఆపు, దించు, మనుషులున్నారు అనే మూడు సంగతులకు ఏ భాషా అక్కరలేదు. అక్షరాలతో చెప్పవలసి వచ్చిన చోట చట్టం కలగజేసుకుంది. 1952 నాటి గనుల చట్టం 62వ సెక్షను చట్టం సారాంశాన్ని ఇంగ్లీషులోనే కాక నిర్దేశించిన ఇతర భాషలలో కూడా గని దగ్గర ప్రదర్శించాలన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. నోటీసులు ఇంగ్లీషులోను, అక్కడి కార్మికులలో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోను ఉండాలని ఆదేశించింది. రాష్ట్రం భాష అని కాదు, కార్మికులకు అర్థమయ్యే భాష అని. ఆ సెక్షను సంఖ్య ఎంతో తెలుసునా? 108. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో కొత్త స్మృతి అమలులోకి వచ్చింది, గనులు 2001లోనే మూతబడ్డాయి. కానీ ఎదుటివాడికి అర్థం కాని హెచ్చరిక హెచ్చరికే కాదన్న ఇంగితం 1948లో మన శాసనకర్తలకు ఉంది. ఆ 108కి ఉన్న ఇంగితం ఈ 108కి ఎందుకు లేదు?

సమీక్ష అనేది సరిగ్గా చేస్తే ఇలాంటి ప్రశ్నలు బయటపడక తప్పదు. 2020 మే 7న విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది చనిపోయినప్పుడు, రాష్ట్రప్రభుత్వం వేసిన ఉన్నతాధికార సంఘం అడిగిన ప్రశ్నలలో ఒకటి, ప్రమాదఘంట ఎందుకు మోగలేదన్నది. ఘంట ఉంది, మీటలు ఉన్నాయి, ఎవరూ మోగించలేదని తేల్చింది. ఊరివారికి సంగతి అందిందా అన్న ప్రశ్న వేసింది కాబట్టే ఆ జవాబు దొరికింది. లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్ కాలి 72 మంది మరణించారు. అనేక దేశాల నుంచి వచ్చినవారు కాపురమున్న మేడ అది. 2019లో వెలువడిన విచారణ తొలి నివేదిక, ఇలాంటి భవనాలలో నివాసులు అర్థం చేసుకోగల రూపంలో రక్షణ సూచనలు ఇవ్వడాన్ని చట్టబద్ధమైన బాధ్యతగా చేయాలని సిఫారసు చేసింది. జపానులోని కోబే నగరంలో 1995 జనవరి 17న భూకంపం వచ్చి 6,000 మందికి పైగా పోయారు. ఆ నగరంలోని కొరియావారికి, వియత్నాంవారికి జపాను భాషలో వచ్చే ప్రకటనలు అందలేదు. నగాతా వార్డులో వారి భాషలలోనే చిన్న రేడియో కేంద్రాలు వెలిశాయి. పరభాషీయులు ఆపదలో అర్థం చేసుకోగలిగేలా “సులభ జపనీస్” అనే పద్ధతిని పండితులు రూపొందించారు. వాళ్ళందరూ ఆ దేశాలకు బయటి నుంచి వచ్చి చేరినవారు. మనమో, తరతరాలుగా ఈ నేల మీదనే ఉన్నవాళ్ళం. వలస వచ్చినవారికి అక్కడ దక్కినపాటి మన్నన మట్టిమనుషులకు ఇక్కడ దక్కదా?

ఇక చట్టం సంగతి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను చదవండి. బాధితులకు పరిహారం, సహాయం అందించడంలో లింగం, కులం, సముదాయం, వంశం, మతం కారణంగా వివక్ష చూపరాదని ఉంది. భాష అన్న మాట లేదు. “సముదాయం” అన్న మాటలో భాషాసముదాయం కూడా ఇమిడి ఉందని న్యాయస్థానంలో వాదించవచ్చు. అవసరమైతే నేనే వాదిస్తాను. కానీ ఆపదలో ఉన్న మనిషి హక్కు ఒక వకీలు వ్యాఖ్యానం మీద ఆధారపడవలసి రావడమే లోపం. విద్యాసంస్థలలో ప్రవేశం గురించి చెప్పేటప్పుడు రాజ్యాంగం 29(2) అధికరణంలో భాష పేరు స్పష్టంగా ఎత్తింది. బడిలో చేరే పిల్లవాడికి ఉన్న రక్షణ, మంటల్లో చిక్కుకున్న పిల్లవాడికి రాయడం మరిచారు.

అయినా మన చేతిలో ఆయుధాలు లేకపోలేదు. 1956లో కేంద్రప్రభుత్వం భాషా అల్పసంఖ్యాకుల రక్షణల మీద ఒక పత్రం వెలువరించింది. జిల్లాలోగాని, తాలూకాలోగాని, పురపాలక సంఘంలోగాని 15 నుంచి 20 శాతం వరకు ఉన్న భాషవారికి ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను వారి భాషలోనూ ప్రచురించడం మంచిదని అందులో ఉంది. 1961లో జరిగిన ముఖ్యమంత్రుల సమావేశం 15 శాతాన్ని ప్రమాణంగా అంగీకరించింది. కోలారు జిల్లాలో తెలుగువారి సంఖ్య ఆ గీతను ఎంత దాటిందో ఎవరికి తెలియదు? వరద హెచ్చరిక, విషవాయువు హెచ్చరిక, అగ్నిప్రమాదంలో ఏ తోవన బయటికి పోవాలన్న సూచన - వీటికన్నా ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటన ఏముంటుంది? ప్రాణరక్షణకు వైద్యం చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద కటారా కేసులో చెప్పింది. సకాలంలో అత్యవసర చికిత్స అందకపోతే అది 21వ అధికరణం ఉల్లంఘనే అని 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చింది. సకాలంలో అందడమంటే బండి రావడమేనా, రోగి చెప్పింది వినబడటం కూడానా? ఆ ప్రశ్నను కోర్టుల ముందు ఇంకా గట్టిగా నిలబెట్టవలసి ఉంది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయని తెలుసు. మొదటిది: కోలారులో అందరికీ కన్నడం వస్తుంది కదా! సంతలో బేరమాడేటంత కన్నడం అందరికీ వస్తుంది. ఎదుట బిడ్డ నీలుక్కుపోతుంటే వచ్చేది తల్లినుడి ఒక్కటే. ఆ క్షణంలో వ్యాకరణం గుర్తుకు రాదు, రెండో భాష అసలు గుర్తుకు రాదు. రెండవది: ఇదంతా కన్నడ వ్యతిరేకత. కాదు. నేను కన్నడంలో చదివాను, కన్నడంలో వాదిస్తాను. ఆ భాష అన్నం పెట్టిన భాష. ఇదే హక్కును అటు మడకశిర, రాయదుర్గం, ఆదోని వైపు ఉన్న కన్నడిగులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చి తీరాలని ఇదే కలంతో అడుగుతున్నాను. 2012 మే 22న తెల్లవారకముందు పెనుకొండ దగ్గర హంపి ఎక్స్‌ప్రెస్ గూడ్సు రైలును ఢీకొని 25 మంది చనిపోయారు. 2013 డిసెంబరు 28న, అదీ తెల్లవారుజామునే, కొత్తచెరువు దగ్గర బెంగళూరు - నాందేడ్ ఎక్స్‌ప్రెస్ బోగీ కాలి 26 మంది పోయారు. ఆ రెండు రైళ్ళలోనూ కర్ణాటకవారు ఎందరో ఉన్నారు. చీకట్లో పట్టాల పక్కన నిలబడి, ఏ ఊరో తెలియక, ఫోను తీసి కన్నడంలో మొదలుపెట్టిన ఒక తండ్రి మాట వినవలసింది అటు తెలుగు చెవి. ఆ చెవికి కన్నడం నేర్పమనడం తెలుగుకు ద్రోహమవుతుందా? కన్నడ చెవికి తెలుగు నేర్పమనడమూ అంతే.

ఖర్చు మాట కూడా ఎత్తుతారు. ఎత్తనివ్వండి. పిలుపుల కేంద్రంలో ప్రతి పాళీలోనూ తెలుగు వచ్చినవారిని కొందరిని కూర్చోబెట్టి, కోలారు, చిక్కబళ్లాపురం టవర్ల నుంచి వచ్చే పిలుపులను ముందుగా వారికి మళ్ళించడానికి కొత్త భవనాలేమీ అక్కరలేదు. బెంగళూరులో తెలుగు వచ్చినవారికి కరువా? ఫోన్లకు పంపే విపత్తు హెచ్చరికలను టవర్ల వారీగా, ఒకటికి మించిన భాషల్లో పంపగల ఏర్పాటు దేశంలో ఇప్పటికే ఉంది. లేనిది ఆదేశం. ఆ ఆదేశం రావాలంటే ముందు లోపం కాగితం మీద కనబడాలి. కాగితం మీద కనబడాలంటే సమీక్షపట్టికలో ఆ గడి ఉండాలి. నా పోరు ఆ గడి కోసమే.

కనుక పాఠకులకు ఒక పని అప్పగిస్తున్నాను. రెండు కాగితాలు రాయండి. రెండింటి తీరు వేరు, కలపవద్దు. మొదటిది సమాచారహక్కు దరఖాస్తు. ఆ చట్టం 6వ సెక్షను ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలి. కాబట్టి దాన్ని కన్నడంలోనే రాయండి, పిల్లల చేత రాయించండి. జిల్లా విపత్తు నిర్వహణ పథకం నకలు అడగండి. కిందటి మూడేళ్ళలో జిల్లా నుంచి వెళ్ళిన 108, 112 పిలుపుల్లో భాష నమోదు చేశారా, చేస్తే తెలుగు పిలుపులెన్ని, తెలుగు వచ్చిన సిబ్బంది పాళీకి ఎందరు అని అడగండి. లెక్క లేదని జవాబు వస్తే ఇంకా మంచిది, లెక్క లేదన్న కాగితం మనకు సాక్ష్యం. రెండవది విన్నపం. రాజ్యాంగం 350వ అధికరణం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి మొర పెట్టుకునే హక్కు మనకు ఇచ్చింది. కాబట్టి దీన్ని అచ్చంగా తెలుగులో, 350వ అధికరణం పేరు పైనే రాసి, జిల్లాధికారికి పంపండి. నకలును భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపండి. కుప్పం, మడకశిర వైపు ఉన్న కన్నడ మిత్రులకు ఇదే విన్నపాన్ని కన్నడంలో రాసి అటు కలెక్టర్లకు పంపమని చెప్పండి.

విన్నపంలో ఒకే ఒక కోరిక ఉంటే చాలు. ఈసారి జిల్లాలో మాక్ డ్రిల్ జరిపేటప్పుడు, ఉత్తుత్తి ప్రమాదం గురించి ఉత్తుత్తి ఫోను చేసే పని కన్నడం వచ్చిన గుమాస్తాకు ఇవ్వకుండా, సుగటూరు నుంచి కన్నడం రాని ఒక ముసలవ్వను పిలిపించి ఆమె చేత చేయించమనండి. ఆమె మొదటి మాట పలికిన క్షణం నుంచి, అవతలివారు ఊరిపేరు, ఆపద పేరు సరిగ్గా తిరిగి చెప్పే క్షణం వరకు గడియారం పట్టుకుని, ఆ నిమిషాలను కూడా పట్టికలో రాయమనండి.